ఉపేంద్రకు కాలు

రెండు సందులు దాటేసరికి అంతయ్య చొక్కా వీపుకు అంటుకుంది. తెలంగాణ సమ్మెతో బస్సులు లేవు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా నడకే. వెనకాల గొడుగు వేసుకుని గీత వస్తోంది. కాళ్లు పోయినవాళ్లకు కొత్త కాళ్లు పెట్టించే లండన్ సంస్థలో ఆమె ఉద్యోగి. అంతయ్య జీతం లేని మనిషి. భార్య కౌసల్యమ్మ పోయాక గోడలు చూస్తూ కూర్చోలేక ఈ పనికి వచ్చాడు. కొనుక్కోగల ఇంటికి కాలు ఇవ్వకూడదని సంస్థ నియమం. ఎవరి ఇల్లు ఎలాంటిదో గీత అతణ్నే అడిగేది.

గదిలో ఉపేంద్ర గోడకు ఆనుకుని ఉన్నాడు. కొత్తపేట పండ్ల మార్కెట్లో లారీ వెనక్కి వచ్చి కుడికాలు నలిపేసింది. ప్యాంటు మోకాలి దగ్గర మడిచి పిన్నీసు పెట్టాడు. నిలబడగలిగితేనే పని ఉంచుతానని షావుకారు చెప్పాడు. లేకపోతే గోదావరి పక్క పల్లెకు తిరుగు ప్రయాణమే.

"కాలొచ్చాక మీతో పరుగు పందేనికి వస్తానండి బాబాయిగారూ!"

"మా తెలంగాణ ఒస్తే నీకు పందెమెక్కడిదయ్యా? సామాన్ సర్దుకునుడే."

"సర్దుకోడానికి ఏముందండీ!" ఉపేంద్ర నవ్వాడు.

అతని భార్య కుసుమకుమారి స్టీలు గ్లాసుల్లో కూల్‌డ్రింకు తెచ్చింది. అంతయ్య గ్లాసు అంచు కింద చుక్కలతో చెక్కిన పేరు చదివాడు. అండాలమ్మ. ఇందాక సందులో ఎవరో పక్కింటావిడను ఆ పేరుతోనే పిలిచారు. గ్లాసులు అడిగి తెచ్చినవి, కూల్‌డ్రింకు కొట్లో అరువు. ఇంటికొచ్చిన మనిషికి ఉత్త నీళ్లివ్వడం నామోషీ. కౌసల్యమ్మ పేరున్న గ్లాసులూ వాడకట్టంతా ఇలాగే తిరిగేవి.

"తీసుకోండి బాబాయిగారూ, మొహమాటపడకండి," అంది కుసుమకుమారి.

ఆ యాస చెవిలో ముల్లులా దిగింది. దవాఖానలో కౌసల్యమ్మకు మంచం లేదన్న గుమస్తా కూడా ఇలాగే, ఎంతో మర్యాదగా, "మంచాలు లేవండీ" అన్నాడు. అంతయ్య ఆ పేరు మీద బొటనవేలు పెట్టి తాగాడు.

బయటికొచ్చాక గీత అడిగింది. "వీళ్లు కొనుక్కోగలరంటారా అంకుల్?"

"ఆంధ్రోళ్లకేం తక్కువ మేడం? సూస్తిరి గద, కూల్‌డ్రింకులు తాగుతున్నరు."

ఆ పూట అన్నం సయించింది. తర్వాత సయించలేదు.

బస్సులు మళ్లీ తిరిగిన రోజు గీత దగ్గరికి పోయాడు. "అబద్ధం జెప్పిన మేడం. ఆ గ్లాసులు గూడ వాళ్లయి కావు."

ఆమె అతని ముఖం చూడకుండానే ఫైలు తెరిచింది. "వెళ్లి తీసుకురండి. కొలతలు తీసుకుందాం."

ఎల్బీనగర్‌లో దిగి ఉరుకులాంటి నడక నడిచాడు. అండాలమ్మ గడపలో బియ్యం చెరుగుతోంది.

"ఉపేంద్ర ఉన్నడా అక్కా?"

"మొన్ననే ఖాళీ జేసి ఊరికి పోయిన్రు. షావుకారు ఇంకొకల్ని వెట్టుకున్నడట. గా కాలిచ్చేటోళ్ల కోసం రోజూ తొవ్వ సూసిన్రు పాపం. నువ్వెవలు?"

అంతయ్య పక్కింటి వైపు నడిచాడు. గది తలుపు తోశాడు. శుభ్రంగా ఊడ్చిపెట్టి వెళ్లారు. మూలన ఒకే ఒక్క చెప్పు ఉంది. కుడికాలిది. అడుగున అంటించిన కంపెనీ కాగితం ఇంకా ఊడలేదు.