పద్నాలుగో దాత

నార్వేలోని బెర్గెన్‌లో వాన పడని రోజుంటే అది వార్త. ఆ శుక్రవారం అలాంటి వార్తేమీ లేదు. కింది అంతస్తులో వారం వారం వేసే వాఫెల్స్ అనే తీపి అట్ల వాసన ప్రయోగశాల దాకా వస్తోంది. అక్కడి పరిశోధకురాలు యోరున్ మాత్రం కిందికి దిగలేదు.

ఇరవై ఏళ్లుగా ఆమె పని ఒకటే. రొమ్ము క్యాన్సర్ కణాలను చిన్న ఉండలుగా చేసి, జెల్లీలాంటి పదార్థంలో వాటి పొరుగు కణాలతో కలిపి పెంచడం. కణితి పక్కనుంచి తెచ్చిన పొరుగు కణాలు క్యాన్సర్‌ను మేపుతాయి. ఆరోగ్యవంతులు ఇచ్చినవి దాన్ని అదుపులో పెడతాయి. ఆ ఆరోగ్యవంతుల వరసలో ఉన్న పద్నాలుగో దాత కణాలే ఇప్పుడు అడ్డం తిరిగాయి. రెండుసార్లు పరీక్షించినా వాటి మధ్య పెట్టిన క్యాన్సర్ ఉండ అడ్డూ అదుపూ లేకుండా పెరిగింది.

దాతలెవరో ఇక్కడ ఎవరికీ తెలియకూడదు. కానీ పద్నాలుగో దాత కణాలు వచ్చింది నవంబరులో, ఆ నెల వచ్చిన డబ్బా అదొక్కటే. వెన్నునొప్పి భరించలేక రొమ్ముల బరువు తగ్గించుకునే ఆపరేషన్ యోరున్ చేయించుకున్నదీ నవంబరులోనే. తీసేసినదాన్ని పారేయడమెందుకని తన ప్రయోగశాలకే రాసిచ్చింది. ఇవ్వమని ఎవరేడ్చారు!

కణాలు పెంచే గిన్నెలో జరిగిందల్లా ఒంట్లో జరగదని కొత్తగా చేరినవాళ్లకు చెప్పేది ఆమే. ఇప్పుడా మాట ఆమెకే నమ్మబుద్ధి కావడం లేదు.

ఎవరి కణాలో తెలిసి చూస్తే కన్ను మోసం చేస్తుంది. అందుకే మూడోసారి ఐవిన్ అనే కుర్ర పరిశోధకుడి చేత గిన్నెల మీది దాతల నంబర్లకు టేపు అంటించి, పైన అక్షరాలు వేయించింది.

"మొహమేంటి అలా పాలిపోయింది? నేను చూస్తాలే, లే" అన్నాడు ఐవిన్.

"నోర్మూసుకుని రాసుకో. ఏ, మామూలు. బి, మామూలు." మైక్రోస్కోపు కింద మూడో గిన్నె పెట్టి యోరున్ ఆగింది. ఉండ నాలుగు వైపులా వేళ్లు చాచింది. "సి... పెద్దది. డి, మామూలు. ఇక టేపు పీకు."

ఆ సి ఇంకెవరిదైనా కావాలి, ఏ తల్లిదైనా సరే అనుకుంది. అనుకున్నందుకు సిగ్గేసింది.

"సి పద్నాలుగే! మూడోసారి కూడా!" ఐవిన్ ఎగిరి గంతేశాడు. "ఇది పొరపాటు కాదు యోరున్, లాటరీ! పైకి శుభ్రంగా ఉండి లోపల మేపే కణాలు ఎవరికి దొరుకుతాయి చెప్పు? ఈ మహాతల్లి ఎవరో గానీ, ఇంకాస్త ఇచ్చి ఉంటే బావుణ్ణు!"

"ఇంకాస్త ఉంది" అంది యోరున్.

"ఎక్కడ? ఫ్రీజర్లోనా?"

ఆమె చేతి తొడుగులు ఒక్కొక్కటే తీసి బుట్టలో పడేసింది. వాఫెల్స్ చల్లారిపోతున్నాయని కింది నుంచి ఎవరో కేకేశారు. ఐవిన్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

యోరున్ తెల్లకోటు మీద, గుండెల దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"ఇక్కడ" అంది.