సత్యం గారి కాన్ఫరెన్స్ కాల్

అమెరికాలో, ప్లేనో ఊళ్ళోని తెలుగువాళ్ళలో దేదీప్య బాస్కెట్‌బాల్ ఆట చూడటం మానుకున్నవాడు ఎవరైనా ఉన్నాడంటే, అది ఆమెను కన్నతండ్రి సత్యం ఒక్కడే. చూడాలని లేకనా? ప్రాణం లాగేస్తుంది. కానీ ఏం చేస్తాడు, ఆయన కళ్ళు అలాంటివి మరి.

పిల్ల హైస్కూల్లో ఆడిన మొదటి మ్యాచ్‌కి వెళ్ళాడు. ఆరడుగుల పిల్ల గాల్లోకి లేస్తుంటే మురిసిపోయి, అబ్బ, ఎంత బాగా ఎగిరిందో అన్నాడు. అన్నాడో లేదో, చీలమండ బెణికి పిల్ల కూలబడింది. ఆరు వారాలు కట్టు. భార్య పద్మజ ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి మంటలో వేసి, స్మోక్ అలారం మోగుతుండగానే తీర్పు చెప్పేసింది. కన్నవాళ్ళ దిష్టే అన్నిటికన్నా గట్టిగా తగులుతుందట.

ఆనాటి నుంచి సత్యం మ్యాచ్‌లకి వెళ్ళడం మానలేదు, జిమ్ లోపలికి వెళ్ళడం మానేశాడు. పార్కింగ్ లాట్‌లో, కార్లో కూర్చుని, కేకల్ని బట్టి బాస్కెట్ వేసింది తన కూతురో కాదో చెప్పేసేవాడు. పిల్ల అడిగితే ఆఫీస్ కాన్ఫరెన్స్ కాల్ అనేవాడు. ఆయన లేకపోతే ఆ కంపెనీ మూతపడుతుందని టీమంతా నమ్మింది పాపం.

పిల్ల ఆగితేగా! స్కూల్ రికార్డులన్నీ ఊడ్చేసి, ఫుల్ స్కాలర్‌షిప్‌తో కాలేజీలో చేరి, అక్కడా అదే పని చేసింది. 2014లో ప్రొఫెషనల్ టీమ్ తీసుకుంది. ఆ కబురు చెబుతూ ఫోన్‌లో ఒక మాట అడిగింది.

"నాన్నా, నా గేమ్ నీకు ఇష్టం లేదు కదా? చెప్పెయ్, ఇట్స్ ఓకే."

సత్యం సిగ్గు విడిచి దిష్టి సంగతంతా చెప్పేశాడు. మర్నాడు ముందు వరస టికెట్లు రెండు మెయిల్లో వచ్చాయి.

వెళ్ళాడు. ఎందుకైనా మంచిదని నల్లకళ్ళద్దాలు పెట్టుకుని మరీ పద్మజ పక్కన కూర్చున్నాడు. చివరి సెకన్లకి టీమ్ ఒక్క పాయింట్ వెనకబడి ఉంది, దేదీప్యకి ఎవరూ అడ్డురాకుండా బంతి వేసే ఫ్రీ త్రోలు రెండు దొరికాయి. మొదటిది పోయింది. సత్యం లేచి తలుపు వైపు నడిచాడు.

దేదీప్య బంతి చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగింది.

"నాన్నా, కూర్చో. గ్లాసెస్ తియ్."

కూర్చున్నాడు, తీశాడు, రెప్ప వేయకుండా చూశాడు. రెండోది కూడా పోయింది. టీమ్ ఓడిపోయింది. సత్యం తల పట్టుకున్నాడు.

చెమటలు కక్కుతూ పిల్ల వచ్చి పక్కన కూలబడింది. చూస్తే నవ్వుతోంది.

"అంతా నా వల్లేనమ్మా," అన్నాడు.

"మిస్ చేసింది నేను నాన్నా, నువ్వు కాదు. సండే ఇంకో గేమ్ ఉంది. కాన్ఫరెన్స్ కాల్ ఉందా నీకు?"

సత్యం నల్లకళ్ళద్దాలు పద్మజ చేతిలో పెట్టేశాడు.

"క్యాన్సిల్ చేశానమ్మా," అన్నాడు.