నడవా చివరి తలుపు

మా ఆడపడుచుకి ఆకలి వేస్తుంది గానీ వేసినట్టు తెలియదు. అందుకని వారంలో రెండు మూడుసార్లు నేనే క్యారియర్ పట్టుకుని ఆసుపత్రికి వెళ్లేదాన్ని. పిల్లల విభాగంలో, పొడుగాటి నడవా చివర ఉండేది ఆవిడ గది. గది అనడమే గానీ ఒక బల్ల, రెండు కుర్చీలు, చేతులు కడుక్కునే సింకు పోను మిగతాదంతా కాగితాలే. కుర్చీలోని కాగితాలు కింద పెట్టి కూర్చుని, ఆవిడ తినేదాకా కదలకుండా ఉండడం నా ఉద్యోగం.

"ఇంత చదివావు, గిన్నె మూత తీయడం మాత్రం నేర్చుకోలేదు" అనేదాన్ని.

"తీసే మనిషి ఎదురుగా ఉంటే నేర్చుకోవడం దేనికి వదినా?" అనేది.

ఆవిడ మొదట మామూలు పిల్లల డాక్టరే. జలుబులు, జ్వరాలు, చెవిపోట్లు చూసేది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక టైలరమ్మ కొడుకుని తీసుకొచ్చింది. నాలుగేళ్ల వాడు. వేళ్లు పూర్తిగా చాపలేడు. ఏడాది కిందట ఎక్కిన మెట్లు ఇప్పుడు ఎక్కలేడు. జబ్బు పేరు కనుక్కోవడానికే చాలాకాలం పట్టింది. పేరు దొరికాక, దానికి మందు లేదని తెలిసింది. లక్షల మందిలో ఏ ఒక్కరికో వచ్చే జబ్బుకి మందు చేద్దామని ఎవరికీ తోచలేదు.

ఆ జబ్బు సంగతి నాకు మా వంటింట్లో చెప్పింది.

"ఒంట్లో ప్రతి కణంలోనూ చెత్త ఊడ్చే పనిమనిషి లాంటి ఎంజైము ఒకటి ఉంటుంది వదినా. వీళ్లకి పుట్టుకతోనే అది లేదు. చెత్త అలా పేరుకుపోతూ ఉంటుంది. కీళ్లలో, గుండెలో, ఊపిరితిత్తుల్లో."

"బయటినుంచి పంపించలేరా ఆ పనిమనిషిని?"

"అదే చూడాలి. పంపితే చాలదు, ప్రతి గుమ్మం లోపలికీ వెళ్లి పని చెయ్యాలి."

"అలాంటిది దొరికితే ముందు మనింటికి పంపు. మనదానికి గుమ్మం తెలుసు గానీ పనే తెలియదు."

నవ్వింది కానీ, ఆ తర్వాత ఆవిడ జీవితం ఆ పనిమనిషిని వెతకడంలోనే నడిచింది. మళ్లీ చదువుకి వెళ్లింది. పొద్దున వార్డు, మధ్యాహ్నం ప్రయోగశాల. గాజు పళ్లేల్లో కణాలు, తర్వాత ఎలుకలు. ఒక ఎలుకల గుంపు పూర్తిగా చచ్చిపోయినప్పుడు రెండు రోజులు ఖాళీ గూళ్లు కడుగుతూ కూర్చుంది. పెళ్లి మాట ఎత్తిన మా అత్తగారికి, "ఎలుకలు ఒప్పుకోవాలి కదమ్మా" అని సమాధానం చెప్పేది. కొన్నాళ్లకి అత్తగారు అడగడం మానేశారు. పైగా చుట్టాలెవరైనా అడిగితే ఆవిడే, "దానికి తీరిక లేదు, మీ అమ్మాయిల సంగతి చూసుకోండి" అనేవారు.

టైలరమ్మ కొడుకు మాత్రం మందు కోసం ఆగలేదు. పదకొండో ఏట పోయాడు. అప్పటికి టైలరమ్మ చంకలో ఒక ఆడపిల్ల. దానికీ అదే జబ్బు. కొడుకు పోయిన కొద్ది వారాలకే ఆ పిల్లని తెచ్చి మా ఆడపడుచు బల్ల మీద కూర్చోబెట్టిందట.

"వాడి విషయంలో ఏం అడిగినా తెలీదన్నారు. దీనికైనా తెలుసుకుని చెప్పండి."

ఆ పిల్ల నడక నేర్చాక నిలబడినచోట నిలబడకుండా గిరగిరా తిరుగుతుండేది. మా ఆడపడుచు దానికి బొంగరం అని పేరు పెట్టింది. ఏడేళ్లు వచ్చేసరికి తిరగడం పోయింది. నడుస్తుంటే ఆగబోయే ముందు బొంగరంలా అటూ ఇటూ ఊగేది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

మా ఇంట్లో బట్టలు టైలరమ్మే కుట్టేది. పిల్లల గౌన్లకి కింది అంచు లోపలికి వెడల్పుగా మడిచి కుట్టేది, పొడుగైనప్పుడు విప్పుకోవడానికి. తన కూతురి గౌన్లకి ఆ మడత ఉండేది కాదు. ఒకసారి ఎందుకని అడిగాను.

"వాడి నిక్కర్లకి పెట్టానమ్మా. అన్నీ మడతలతోనే ఉండిపోయాయి" అంది, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

బొంగరానికి ఎనిమిదో ఏడు నడుస్తుండగా మందు మనుషుల దాకా వచ్చింది. జబ్బున్న పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. సగం మందికి మందు, సగం మందికి ఉత్త సెలైన్. ఎవరికి ఏది ఎక్కుతోందో పిల్లలకీ తల్లులకీ మా ఆడపడుచుకీ, ఎవరికీ తెలియదు.

"అందరికీ మందే ఇవ్వచ్చు కదా" అన్నాను.

"ఇస్తే అది పనిచేసిందో లేదో ఎప్పటికీ తెలీదు. తెలియకపోతే ప్రభుత్వం ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే ఈ పిల్లలకి తప్ప ఇంకెవరికీ దొరకదు." కాగితాలు సర్దుతూ, "నాకూ కష్టంగానే ఉంది వదినా" అంది.

మందు పనిచేస్తోందా అని చూసేది నడకతో. నడవాకి రెండు చివర్లా ఒక్కో నారింజరంగు ప్లాస్టిక్ దిమ్మె పెడతారు. ఆరు నిమిషాల్లో వాటి మధ్య ఎంత దూరం నడవగలిగితే అంత. కొలిచే ఫిజియోథెరపిస్టు సన్నగా పొడుగ్గా ఉండేవాడు. నిమిషానికొకసారి రూలు ప్రకారం ఒక్కటే వాక్యం, ఒక్కటే గొంతుతో చెప్పేవాడు. "బాగా నడుస్తున్నావు, ఇంకా నాలుగు నిమిషాలుంది." అంతకుమించి నవ్వినా, చప్పట్లు కొట్టినా, రా రా అన్నా పిల్లలు ఎక్కువ నడిచేస్తారు, కొలత చెడిపోతుంది. అందుకని అతను రాయిలా ఉండేవాడు. పిల్లలు అతన్ని గోడగడియారం అనేవారు.

రెండో దిమ్మె సరిగ్గా మా ఆడపడుచు గది ముందు ఉండేది. పరీక్ష జరుగుతుంటే ఆవిడ లోపల కూర్చోలేకపోయేది. తలుపు తీసి, గుమ్మం చౌకట్టుకి ఆనుకుని నిలబడేది. ఒక్క మాట మాట్లాడేది కాదు. ఆ జాగ్రత్త ఆవిడకి ఉంది. నిలబడి చూసేది, అంతే. ఇన్నేళ్ల పని కాళ్లమీద నడిచి తన వైపు వస్తుంటే ఎలా చూడకుండా ఉంటుంది. చూస్తున్న ఆవిడని నేనూ చూశాను. తప్పని నాకూ తోచలేదు.

బొంగరం నడక ప్రతిసారీ పెరుగుతూ వచ్చింది. టైలరమ్మ ఆ ఏడు దానికి కుట్టిన పచ్చగౌనుకి కింద నాలుగు వేళ్ల మడత ఉంది. అది నేను చూశాను.

అప్పుడు మా ఆడపడుచుకి జ్వరం వచ్చింది. వారం రోజులు మంచం మీద నుంచి లేవనివ్వలేదు నేను. ఆ వారంలో బొంగరం పరీక్ష వచ్చింది. నడక ఒక్కసారిగా పడిపోయింది. టైలరమ్మ మా ఇంటికే వచ్చేసింది. చెప్పులు విప్పడం కూడా మర్చిపోయింది.

"మందు పనిచెయ్యడం ఆగిపోయిందా డాక్టర్ గారూ? ఒంటికి అలవాటైపోయిందా?"

పిల్లని ఆసుపత్రికి తీసుకురమ్మంది మా ఆడపడుచు. తర్వాతి వారం నేను గదిలో ఉండగానే బొంగరం వచ్చింది. కుర్చీ ఎక్కించి, మెల్లగా అడిగింది ఆవిడ.

"కాళ్లు నొప్పెట్టాయా ఆ రోజు?"

"లేదు."

"మరి?"

"నువ్వు లేవు కదా డాక్టరత్తా. అటు చివర ఎవరూ లేకపోతే ఊరికే ఎవరి దగ్గరికి నడుస్తాం? గోడ దగ్గరికా?" అంది. "గోడగడియారం బాగా నడుస్తున్నావు అంటాడు గానీ ఆయన మొహం చూస్తే అలా ఉండదు" అని కూడా చెప్పింది.

నేను నవ్వాను. మా ఆడపడుచు నవ్వలేదు. తలుపు వైపు చూసింది. అది తీసే ఉంది. బయట నారింజ దిమ్మె కనబడుతోంది. ఆ రోజు క్యారియర్ తెరవకుండానే ఇంటికి తెచ్చాను.

ఆ పిల్లలంతా నెలల తరబడి ఆవిడ చేతుల మీద ఉన్నవాళ్లే. అందరూ ఆవిడ దగ్గరికే నడిచారు. ఎవరెంత మందుతో నడిచారో, ఎవరెంత ఆవిడ కోసం నడిచారో విడదీసి చెప్పడానికి ఇక వీల్లేదు. ఏడాది కొలతలు మొత్తం పనికిరావని ఆవిడే పరీక్షకి డబ్బు పెట్టిన మందుల కంపెనీకి చెప్పింది. తలుపు తీసిపెట్టి చేజేతులా నాశనం చేశానని నాతో అంది.

మందుల కంపెనీ పెద్దమనిషి మర్నాడే వచ్చాడు. మెత్తగా మాట్లాడాడు.

"తలుపు తీసి నిలబడడం కూడా తప్పేనా మేడమ్? రూల్లో తలుపు సంగతి ఎక్కడుంది?"

"నడవా ఖాళీగా ఉండాలని ఉంది."

"మీరు నడవాలో లేరు. గదిలో ఉన్నారు."

"గుమ్మంలో ఉన్నాను. పిల్లలకి ఆ తేడా తెలీదు" అంది.

పరీక్ష ఇంకో ఏడాది పొడిగించారు. ఎవరికి ఏది ఎక్కుతోందో అదే ఎక్కుతూ ఉంటుంది. అంటే సెలైన్ ఎక్కుతున్న పిల్లలకి ఇంకో ఏడాది సెలైనే. ఈ జబ్బులో పోయిన నడక తిరిగి రాదు. ఈ సంగతి తల్లులందరికీ చెప్పాలి. టైలరమ్మకి ఆసుపత్రిలో చెప్పడానికి ఆవిడకి మనసొప్పలేదు. కొట్టుకి వెళదాం రమ్మని నన్ను తోడు తీసుకెళ్లింది.

టైలరమ్మ మిషను ఆపకుండా విన్నది. అంచు చివరిదాకా కుట్టి, దారం తెంపింది.

"అంటే దాని నడక పెరిగింది మందు వల్ల కాదా?"

"మందు వల్ల కావచ్చు. నా వల్ల కావచ్చు. నాకు తెలీదు."

"మళ్లీ తెలీదు."

"మళ్లీ తెలీదు" అంది మా ఆడపడుచు.

"దానికి ఎక్కేది సెలైన్ అయితే ఇంకో ఏడాదిలో దాని కాళ్లు పోతాయి."

"అవును. మీరు వద్దంటే ఇవాళే ఆపేస్తాను. మీ ఇష్టం."

"ఆపేస్తే మందు దొరుకుతుందా?"

"దొరకదు. పనిచేస్తుందని తేలేదాకా ఎవరికీ దొరకదు."

టైలరమ్మ కత్తెర తీసి పక్కన పెట్టింది. మళ్లీ తీసి ఇంకో పక్కన పెట్టింది. నేను గోడకి వేలాడుతున్న కొలతల టేపు వైపు చూస్తూ కూర్చున్నాను.

"అయితే ఆ తలుపు వేసెయ్యండి" అంది చివరికి. "వేసి, మళ్లీ తియ్యకండి. అది ఏడ్చినా తియ్యకండి."

ఆ ఏడాది పరీక్ష రోజుల్లో నేను తప్పకుండా వెళ్లేదాన్ని. తలుపు గడియ పెట్టి ఉండేది. బయట గోడగడియారం గొంతు వినబడేది. బొంగరం బూటు ఎడమది నేలకి రాసుకునే చప్పుడు దగ్గరికి వచ్చి, దిమ్మె చుట్టూ తిరిగి, దూరమయ్యేది. మొదటిసారి తలుపు ముందు ఆగింది.

"డాక్టరత్తా, ఉన్నావా?"

మా ఆడపడుచు లేచి సింకు దగ్గర కుళాయి తిప్పింది. చప్పుడు వింటే నడక ఎలా ఉందో తెలిసిపోతుంది, తెలిస్తే మర్నాడు మొహంలో కనబడుతుంది, ఆ మొహం అందరూ చూస్తారు. ఆరు నిమిషాలూ నీళ్లు అలా పోతూనే ఉండేవి. ఆవిడ చేతులు కడుగుతూనే ఉండేది.

"తోలు ఊడొస్తుంది, చాలించు" అన్నాను ఒకసారి.

"ఇంకా రెండు నిమిషాలుంది" అంది, అచ్చం గోడగడియారంలా.

బొంగరానికి కోపం వచ్చింది. మామూలు రోజుల్లో ఎదురుపడినా తల తిప్పుకునేది. ఇంట్లో నేను ఆ పిల్ల మాట ఎత్తితే మా ఆడపడుచు చేతిలో కూరముక్కలు తరుగుతున్న కత్తి వేగం పెరిగేది. నేను మాట మార్చేదాన్ని.

ఏడాది గడిచాక ఫలితం వచ్చింది. నేను గదిలోనే ఉన్నాను. కంప్యూటర్లో అంకెలు ఆవిడ రెండుసార్లు కిందిదాకా చూసింది.

"పనిచేస్తోంది వదినా."

"పెరిగిందా నడక?"

"పెరగలేదు. మందు ఎక్కినవాళ్ల నడక ఎక్కడిది అక్కడే ఉంది. సెలైన్ వాళ్లది పడిపోయింది. ఈ జబ్బులో ఉన్నది ఉన్నట్టు ఉండడమే గొప్ప." కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మొదటి ఏడాది కొలతలు అలాగే ఉంచేసి ఉంటే మందు పనికిరాదని తేలేది. సెలైన్ పిల్లలూ మందు పిల్లలతో సమానంగా నడిచేశారు. నాకోసం."

బొంగరం సంగతి నేను అడగలేదు. ఆవిడే చెప్పింది. దానికి రెండేళ్లూ ఎక్కింది సెలైనే.

ఆ సాయంత్రమే టైలరమ్మని పిలిపించింది. ఆవిడ నిలబడే విన్నది. ఒక చెయ్యి కుర్చీ వీపు మీద ఉంది.

"అయితే ఆ ఏడు అది నడిచింది మీకోసమే" అంది.

"నాకోసమే. ఆ తలుపు మొదటి రోజే వేసి ఉంటే ఏడాది ముందే దానికి మందు అందేది. నన్ను తిట్టండి. నాకు తేలికవుతుంది."

"మీకు తేలికవ్వడానికి నేను తిట్టాలా?" అంది టైలరమ్మ. "తిట్టడానికి చాలా టైముంది. ముందు మందు ఎక్కించండి."

తర్వాతి వారమే ఎక్కించడం మొదలుపెట్టారు. బొంగరం అప్పటికి గోడ పట్టుకుని నడుస్తోంది. ఎడమ చేతికి గోడ, కుడి చేతికి తల్లి. మందు ఎక్కించిన కొన్ని నెలల తర్వాత కూడా అంతే. గోడ వదల్లేదు. అలాగని చక్రాల కుర్చీ ఎక్కనూ లేదు. మా ఆడపడుచు లెక్కలో అది మంచి వార్త. బొంగరం లెక్కలో ఏమిటో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఒకరోజు క్యారియర్ విప్పుతుంటే నడవాలో బూటు రాసుకునే చప్పుడు వినబడింది. పరీక్ష కాదు, దిమ్మెలు లేవు. మా ఆడపడుచు చెయ్యి అలవాటుగా కుళాయి మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. వచ్చి తలుపు తీసి చౌకట్టుకి ఆనుకుంది.

పిల్ల అవతలి చివర నుంచి గోడ పట్టుకుని వస్తోంది. తల్లి వెనకే ఉంది, పట్టుకోలేదు. గోడగడియారం ఎక్కడికో పోతూ ఆగి, గోడకి ఒత్తుకుని దారి ఇచ్చాడు.

"బాగా నడుస్తున్నావు" అన్నాడు. తర్వాత ఎంత టైముందో చెప్పలేదు.

గుమ్మం దాకా రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చి, ఊగి, నిలబడింది.

"తలుపు ఎందుకు వేసుకున్నావు?"

"కొలత చెడిపోతుందని."

"అమ్మ చెప్పిందిలే" అంది బొంగరం. "నువ్వు తలుపు తీసి కళ్లు మూసుకుని ఉండాల్సింది. నాకు ఆ మాత్రం చాలు."

మా ఆడపడుచు దాన్ని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి, మోకాళ్ల మీద కూర్చుని బూటు లేసు కట్టింది. కట్టి ఉన్నదాన్నే విప్పి మళ్లీ కట్టింది. నేను కాగితాలు కింద పెట్టి టైలరమ్మకి రెండో కుర్చీ ఇచ్చాను.

పిల్ల కొత్త గౌను వేసుకుంది. నీలంది. కూర్చున్నప్పుడు కింది అంచు కొద్దిగా తిరగబడింది. లోపల మడత ఉంది. పచ్చగౌనుకి ఉన్నంత లేదు. రెండు వేళ్లు.

నేను చూడడం టైలరమ్మ చూసింది.

"ఇప్పటికి అంతే పెట్టాను" అంది.