ముప్పై తొమ్మిది పట్లు

శ్యామలాంబ టీచరు రోజూ ఎనిమిదింబావు బస్సులో అమలాపురం నించి వచ్చి, రేవు దగ్గర దిగి, పడవలో ఏరు దాటి వీరమ్మలంక హైస్కూలుకి చేరేవారు. లెక్కలు చెప్పేవారు. నాలుగింటికి ఆఖరి గంట కొట్టాక మిగతా పిల్లలంతా ఇళ్ళకి పరిగెడుతుంటే, పదో తరగతి వాళ్ళని మాత్రం ఇంకో గంట కూర్చోబెట్టేవారు.

ఆ గంటలో లెక్కలుండేవి కావు. పదో తరగతి తరవాత ఏముందన్నదే పాఠం. ఇంటరంటే ఏంటి, పాలిటెక్నిక్ అంటే ఏంటి, ఐటీఐలో ఏం నేర్పుతారు, నర్సు ట్రైనింగుకి ఎవరు వెళ్ళొచ్చు, ఏ సర్టిఫికెట్టు కోసం ఏ ఆఫీసుకి ఏ రోజు వెళ్ళాలి. పెద్దయ్యాక ఏమవుతావని ఆవిడ ఎవర్నీ అడిగేవారు కాదు. నిన్న ఇంటికెళ్ళి ఏం పని చేశావని అడిగేవారు. మోటారు విప్పి బిగించానన్నవాడికి ఐటీఐ ఫారం, మామ్మ కాలికి కట్టు మార్చానన్న పిల్లకి నర్సింగు ఫారం ఆవిడ సంచీలోంచి బయటికొచ్చేవి.

తొంభై ఆరు తుఫాను దీపావళి ముందు వచ్చింది. స్కూలు పెంకులన్నీ ఎగిరిపోయాయి. వెనకున్న రాజుగారి తోటలో కొబ్బరిచెట్లు ఏ పదో తప్ప అన్నీ కూలిపోయాయి. దుంగలు కోసి పడవలకెత్తేసరికి నెల పట్టింది. చెట్లు పోయాయిగాని వాటి నీడలు పోలేదు. పొద్దున్న పడమటికీ, సాయంత్రం తూర్పుకీ ఎప్పట్లాగే సాగేవి. గాలేస్తే ఆకుల నీడలు నేలమీద ఊగేవి. గేదెలు వెళ్ళి అలవాటుగా అక్కడే పడుకునేవి. పైకప్పు లేని గదుల్లో ఎండకి ఆగలేక శ్యామలాంబగారు నల్లబల్ల మోయించి పదో తరగతిని ఆ నీడల్లోకి మార్చారు. హెడ్మాస్టరుగారు టైంటేబుల్లో గది నంబరు రాయాల్సిన చోట ‘తోట’ అని రాసుకున్నారు.

డిసెంబరు మొదట్లో వెంకటదుర్గ బడికి రావడం మానేసింది. క్లాసులో లెక్కలు అందరికంటే ముందు చేసేది ఆ పిల్లే. వాళ్ళ నాన్న చిట్టియ్య దింపులు తీసేవాడు, అంటే తోటల వెంట తిరిగి కొబ్బరిచెట్లెక్కి కాయలు కోసేవాడు. ఎక్కడానికి చెట్లు లేక నెలరోజులుగా ఇంటి అరుగు మీద కూర్చుంటున్నాడు. శ్యామలాంబగారు ఇంటికెళ్ళి అడిగితే సంగతి తెలిసింది. నెలాఖరుకి దుర్గని కడియం పంపించేస్తున్నారు. అక్కడ నర్సరీల్లో పెద్దమ్మ పనిచేస్తోంది. మొక్కల సంచుల్లో మట్టి నింపే పని దుర్గకీ చూసింది.

టీచరుగారు అలా ఆ వారం రెండుసార్లు వెళ్ళారు. మార్చిలో పరీక్షలనీ, తరవాత పాలిటెక్నిక్ ఎంట్రన్స్ ఉందనీ, మూడేళ్ళలో పిల్ల ఉద్యోగస్తురాలవుతుందనీ చెప్పారు. చిట్టియ్య చెట్లెక్కే తాడు ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. తల్లి బేబి మంచినీళ్ళ గ్లాసు తెచ్చిచ్చి గుమ్మం పక్కన నిలబడింది. రెండోసారి లేచి వస్తుంటే చిట్టియ్య నోరు విప్పాడు.

“చెట్టుంటే ఎక్కుతానండి. నీడనెక్కలేను కదండీ.”

ఆ మాట మనసులో పెట్టుకుని శ్యామలాంబగారు శనివారం మూడోసారి వెళ్ళారు. ఈసారి చదువు ఊసెత్తలేదు. క్లాసులో నీడని బట్టి ఎత్తు కనుక్కునే లెక్కలు చెబుతున్నామనీ, రేపు ఆదివారం దుర్గని ఒక్క గంట తోటకి పంపమనీ అడిగారు.

“మీరూ రావాలండి చిట్టియ్యగారూ. రాజుగారి తోటలో పడమటి మూల చెట్టెత్తు కట్టమంటాను. అది తప్పో ఒప్పో చెప్పడానికి ఈ ఊళ్ళో మీరొక్కరే ఉన్నారు.”

చిట్టియ్య అరుగు దిగి నిలబడ్డాడు. తనని ‘గారూ’ అని పిలిచి, తనకి తెలిసింది అడిగినవాళ్ళు ఇంతకుముందు లేరు. వస్తానన్నాడు.

ఆదివారం రెండున్నర దాటాక ముగ్గురూ తోటలో ఉన్నారు. చెట్టు వేళ్ళు లేచిపోయిన చోట గొయ్యి, ఆ గోతిలోంచి ఈశాన్యానికి పొడుగ్గా నీడ. దుర్గ మీటరు కర్ర ఒకటి నిటారుగా నిలబెట్టి దాని నీడ కొలిచింది. మీటరున్నర. తరవాత టేపు పట్టుకుని గొయ్యి దగ్గర్నించి చెట్టు నీడ వెంబడే నడిచింది. చివర ఆకుల నీడ కదులుతుంటే ఎక్కడ ఆపాలో తెలియక నిలబడిపోయింది. చిట్టియ్య తనంతట తనే వెళ్ళి, ఆకులన్నీ కలిసే చోట వేలు పెట్టి చూపించాడు.

“మొవ్వు ఇదమ్మా. ఇక్కడికే చెట్టు. పైవన్నీ ఆకులే.”

ఇరవై ఏడు మీటర్లు వచ్చింది. దుర్గ మోకాలి మీద నోటుబుక్కు పెట్టుకుని లెక్క కట్టింది. చెట్టు పద్ధెనిమిది మీటర్లని చెప్పింది. చిట్టియ్యకి మీటర్లు తెలియవు. ఆ చెట్టు మాత్రం తెలుసు. ఏడాదికి ఎనిమిది దింపుల చొప్పున ఇరవై రెండేళ్ళు ఎక్కాడు.

“ముప్పై తొమ్మిది పట్లు,” అన్నాడు.

పట్టంటే, కాళ్ళకి తాడు బంధం వేసుకుని ఒక్కసారి ఎగబాకితే వచ్చే ఎత్తు. దుర్గ ఆయన్ని గట్టున మిగిలిన చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి ఒక్క పట్టు ఎక్కమంది. తుఫాను తరవాత చిట్టియ్య చెట్టు మీద కాలు పెట్టడం అదే మొదలు. కాళ్ళు ఉన్నచోట సుద్దముక్కతో ఒక గీత, ఎగబాకాక ఇంకో గీత గీసింది. నలభై ఆరు సెంటీమీటర్లు. ముప్పై తొమ్మిదితో హెచ్చవేసి, తన లెక్క పక్కనే రాసి చూసుకుంది.

“నాన్నా, నీ లెక్కకీ నా లెక్కకీ ఆరు సెంటీమీటర్లే తేడా.”

“అంటే ఎంతమ్మా?”

దుర్గ మూడు వేళ్ళు కలిపి చూపించింది.

చిట్టియ్య గోతి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆ చెట్టెక్కి దిగినప్పుడల్లా అరికాళ్ళు ఎలా ఒరుసుకుపోయేవో, వానకి నాచు పట్టినప్పుడు బంధం ఎలా జారేదో ఆయనకి తెలుసు. అదే చెట్టుకి, అది లేకుండా పోయాక, పిల్ల నేలమీద నిలబడి మొవ్వు దాకా వెళ్ళొచ్చింది.  తరవాత ఆయన లేచి నీడల వెంట నడుస్తూ, ఇది నడుం వంగిన చెట్టు, ఇది రెండుసార్లు పిడుగు తప్పించుకున్నది అని ఒక్కోటీ చూపించి, వీటి ఎత్తులు కూడా కట్టమని కూతుర్ని అడిగాడు. చీకటి పడే ముందు పదకొండు చెట్లు కొలిచారు. ఇంటికెళ్ళాక బేబితో ఒకటే మాట చెప్పాడు. కడియంలో మట్టి తాను నింపుతాడు, దుర్గ బడికెళ్తుంది.

అలాగే వెళ్ళాడు. జనవరి నించి శనివారం శనివారం వచ్చేవాడు. కూర్చుని చేసే పని ఆయన ఒంటికి పడలేదు, నడుం పట్టేసేది. అయినా మానలేదు. ఇక్కడ శ్యామలాంబగారు దుర్గకి ఊపిరాడనివ్వలేదు. పిల్లకి ఇంగ్లీషు పదాలు పట్టుబడవని పాత ఎంట్రన్స్ పేపర్లు తెచ్చి, రోజుకొకటి చేయించి, తప్పు పోయినవి మర్నాడు మళ్ళీ చేయించేవారు. ఏడ్చిన రోజున కళ్ళు తుడుచుకోమని, పేపరు మాత్రం పూర్తిచేయించే పంపేవారు. మే నెలలో వేరే ఊరి సెంటర్‌లో ఎంట్రన్స్ రాయడానికి తనే వెంటబెట్టుకెళ్ళారు.

మంచి ర్యాంకు వచ్చింది. జూలైలో కాకినాడలో కౌన్సెలింగు. పొద్దున్నే శ్యామలాంబగారు, చిట్టియ్య, దుర్గ బస్సెక్కారు. చిట్టియ్య కూతురి సర్టిఫికెట్లున్న కవరు ఒళ్ళో పెట్టుకుని, దారంతా రెండు చేతులూ దాని మీదే ఉంచాడు. పేరు పిలిచాక లోపలికి తండ్రినీ పిల్లనీ మాత్రమే రానిచ్చారు. బల్ల వెనకాల పెద్దాయన కాగితాలన్నీ చూసి, ఏ కోర్సు కావాలని అడిగారు. దుర్గ సివిల్ ఇంజనీరింగ్ అంది.

ఆయన కళ్ళజోడు తీసి, పిల్లనీ వెనకున్న తండ్రినీ చూశారు. మంచికే చెబుతున్నట్టు చెప్పారు.

“సివిల్ అంటే నేల కొలిచే సర్వే గొలుసులు పట్టుకుని ఎండలో తిరగాలమ్మా. ఆడపిల్లవి. కమర్షియల్ ప్రాక్టీస్ తీసుకో, టైపూ షార్ట్‌హ్యాండూ నేర్పుతారు. హాయిగా నీడపట్టున కూర్చుని ఉద్యోగం చేసుకోవచ్చు.”

దుర్గ వెనక్కి తిరిగి తండ్రిని చూసింది. చిట్టియ్య అంతవరకూ ఏ ఆఫీసులోనూ అడక్కుండా మాట్లాడినవాడు కాదు. ఒక అడుగు ముందుకేసి బల్ల అంచు పట్టుకున్నాడు.

“నీడ సంగతి మా అమ్మాయికి బాగా తెలుసండి,” అన్నాడు. “సివిలే రాయండి.”

ఆయన కళ్ళజోడు పెట్టుకుని రాశారు.