బావ కొట్టాల్సిన దెబ్బ

మా బావ నన్ను కొట్టడం లేదని నాకు ఒళ్ళు మండిపోతోంది. వింటే నవ్వొస్తుందేమో కానీ, ఆదివారం జట్టు ఎంపిక పోటీ పెట్టుకుని నవ్వే ఓపిక నాకు లేదు. పోయినసారి ఎదుటి అమ్మాయి నా డొక్కలో మొదటి గుద్దు గుద్దగానే నాకు దిమ్మతిరిగింది. అలాంటి దెబ్బ ఎలా ఉంటుందో అంతకుముందు ఎవరైనా రుచి చూపిస్తేగా. ఆట అక్కడే అయిపోయింది. వచ్చే ఏటికి నాకు వయసు పరిమితి దాటిపోతుంది.

టైర్ల కొట్టు వెనక రేకుల షెడ్డే మా బాక్సింగ్ క్లబ్బు. అక్కడి మగవాళ్ళు నాతో బరిలోకి దిగితే ఈగల్ని తోలుతున్నట్టు చేతులాడిస్తారు. ఆడపిల్లని కొడితే పరువు తక్కువ, ఆడపిల్ల చేతిలో తింటే ఇంకా తక్కువ. బావ, అంటే మా అక్క మొగుడు, పగలు బైకుల మెకానిక్కు, సాయంత్రం మా అందరికీ గురువు. ఆయనా అదే బాపతు.

ఆ సాయంత్రం ఇక ఉండబట్టలేక ఆట మధ్యలో ఆగిపోయాను.

"బావా, నువ్వు కొడుతున్నావా, జోకొడుతున్నావా?"

"మరదలి మీద చెయ్యి చేసుకుంటే మీ అక్క నాకు అన్నం పెట్టదమ్మా తల్లీ."

ఇంటి తాళం కోసం వచ్చి గుమ్మంలో నిలబడిన అక్క ఊరుకోలేదు. "నా మీదకి నెట్టకండి. ఆదివారం ముక్కూ మొహం తెలియనిదెవరో దీని డొక్కలు విరగ్గొడితే, అప్పుడు పెట్టను మీకు అన్నం. కొట్టండి."

బావ నా వైపు తిరిగాడు. మరుక్షణం ఆయన గుద్దు నా డొక్కలో దిగింది. ఊపిరి అందలేదు, కళ్ళకి చీకట్లు కమ్మాయి. "అయ్యో, గట్టిగా తగిలిందా" అంటూ బావ చేతులు దించి దగ్గరికొచ్చాడు. రౌండు ముగిసే గంట ఇంకా మోగలేదు కదా. నా కుడిచెయ్యి ఆయన ముక్కు మీద పడింది. రక్తం కారుతుంటే అలాగే కూలబడ్డాడు.

"మరదలి చేతిలో బాగా అయింది గురువుగారికి," అన్నాడొకడు. షెడ్డంతా పగలబడి నవ్వింది. బావ చెవులు ఎర్రబడ్డాయి. ఈ నవ్వుకి చిన్నబోయి ఆయన బయటికి నడిచాడంటే నా ఆదివారం మంటగలిసినట్టే.

బావ లేచి, ముక్కు తుడుచుకుని వాళ్ళ వైపు తిరిగాడు. "నవ్వడం అయ్యాక వరసలో నిలబడండి. నా తర్వాత మీరంతా దీంతో దిగాలి. చేతులు దాచుకునేవాడు రేపట్నుంచి రానక్కర్లేదు."

నవ్వులు ఆగిపోయాయి. ఆయన నా మీదికి అడుగేసిన తీరు చూసి నాకు నిజంగానే భయం వేసింది. ఇన్నాళ్ళూ వీళ్ళందరి వెంటా పడి అడిగింది ఆ భయాన్నే. చేతులు పైకెత్తాను.