గోడవతల వూఫరు

దేవేంద్రప్ప చీరను వాకిట్లో వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. నేను అరుగు మీద కూర్చున్నాను. ఆయన నాకు పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, ఇచ్చే షావుకారు. నేసిన చీర తీసుకుని కూలి ఇచ్చేదీ ఆయనే.

"ఈడ చూడు సోమప్పా. గట్టిగా ఉంది. ఈడ జల్లెడ మాదిరి ఉంది. మళ్లా ఈడ గట్టి. పులిచారలు నేసినావా?"

చూశాను. చారలు ఉన్నాయి.

"పోయిన చీరా ఇట్లే ఉండె. చేతిలో సత్తువ తగ్గినట్లుంది. నీ తప్పు కాదప్పా, వయసు. ఇంకొక్క చీర చూస్తా. అదీ ఇట్లే వస్తే పడుగు ఇంకొకరికి ఇస్తా. ఏమనుకోవద్దు."

ఎమ్మిగనూరులో నా వయసు వాడికి కొత్తగా పడుగు ఇచ్చే షావుకారు లేడు. ఆయన ఆపితే మా మగ్గం ఆగినట్లే.

ఇంట్లో నా పెళ్లాం ముత్తమ్మ నూలు కండెలు చుడుతోంది.

"ఏమన్నాడు?"

"ఇంకొక చీర చూస్తాడంట."

"కండ్లు చూపించుకుందాం పా."

"కండ్లు బాగానే ఉండాయి."

"అయితే చేతులకు నూనె రుద్దుతా, కూసో."

రుద్దింది. చేతులు జిడ్డయ్యాయి, అంతే.

కొత్త చీర శుక్రవారం పొద్దున మొదలుపెట్టాను. మాది గుంట మగ్గం. మనిషి నేల మీద కూర్చుంటే కాళ్లు గుంటలో ఉంటాయి. కాలితో కర్ర తొక్కాలి, కండె పెట్టిన నాడెను పోగుల మధ్య విసరాలి, అది వదిలిన అడ్డపోగును, పేకను, పలకతో దగ్గరికి కొట్టాలి. ఆ దెబ్బ ఎప్పుడూ ఒకే బలంతో పడితే గుడ్డ ఒకే తీరుగా వస్తుంది. ఇన్నేళ్లలో ఆ దెబ్బ గురించి నేను ఆలోచించింది లేదు. అన్నం తినేటప్పుడు నమలడం గురించి ఎవరాలోచిస్తారు? ఆ పొద్దున మాత్రం ప్రతి దెబ్బకూ ఆలోచించాను. అయినా చారలే వచ్చాయి.

గోడ అవతల అజ్మల్ అంగడి. ఆదోని వాడు. పెళ్లాం బిడ్డలతో వచ్చి ఈ వేసవిలో పక్కింట్లో దిగాడు. ముందు గదిలో అంగడి పెట్టి కార్లకు పాటల పెట్టెలు బిగిస్తాడు. కారు డిక్కీలో పెద్ద స్పీకరు పెట్టె పెడతాడు, దాన్ని వూఫరంటారు. దానికి బలమిచ్చే ఆంపు సీటు కింద ఉంటుంది. ఆంపుకున్న చిన్న మరను తిప్పుతూ పాట పెడతాడు, ఆపుతాడు, మళ్లీ పెడతాడు. గోడ దాటి పాట రాదు. దుబ్, దుబ్ మని దెబ్బ ఒక్కటే వస్తుంది. చెవికంటే ముందు గుంటలో కాలికి తగులుతుంది. కొన్నాళ్లకు దాన్ని పట్టించుకోవడం మానేశాను.

సాయంత్రం ముత్తమ్మ దీపం ముట్టించి వచ్చి, నేసినంత వరకు గుడ్డను వేళ్లతో తడిమి చూసింది. ఒకచోట వేళ్లు ఆగాయి.

"ఏమయ్యా, ఈడ బాగుంది కదా. ఇంత బారున చార లేదు."

నేనూ తడిమాను. నిజమే. నా పాత నేత.

"ఇది ఎప్పుడు నేసినావు?"

"నువ్వు అన్నానికి పిలిస్తే నేను రాలే చూడు, అప్పుడు."

ముత్తమ్మ గోడ వైపు చూసింది. "అప్పుడు ఆ పిల్లోడు జుమ్మాకు పోయిండె. అంగడి మూసిండె."

అప్పుడు నాకు తెలిసింది. వాడి దెబ్బ పరుగెత్తితే నా కాలు దాని వెంట పరుగెత్తింది, చెయ్యి తేలికపడింది. వాడిది నిదానిస్తే నా చెయ్యి బరువుగా దిగింది. వాడు పాట మార్చినప్పుడల్లా ఒక చార.

పొద్దున్నే అజ్మల్‌ను పిలిచాను. లుంగీ ఎగ్గట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"ఏం తాతా?"

"ఇది నీ పని," అని గుడ్డ చూపించాను.

"అల్లా! నీ మగ్గాన్ని నేను తాకనన్నా తాకలే గదా."

"నీ దెబ్బ తాకింది. కాలు దాన్ని పట్టుకుంటాంది."

ముత్తమ్మ దేవేంద్రప్ప మాట చెప్పింది. అజ్మల్ నవ్వడం ఆపాడు. వంగి గుడ్డను చూశాడు. గట్టి చార మీద వేలు పెట్టాడు. "ఇది తెల్లకారు. నిదానం పాట పెట్టినా." పలచటి చార మీద పెట్టాడు. "ఇది మళ్లా అదే కారు, డ్యాన్సు పాట." వాడి పనంతా నా గుడ్డలో కనిపించింది వాడికి.

"సౌండు తగ్గిస్తాలే తాతా," అని పోయాడు.

మేమిద్దరం కూర్చుని పేక ఊడదీశాం. బాగా వచ్చిన బారును కూడా తీయక తప్పలేదు. దాని కింద చెడిందుంది.

మళ్లీ నేత మొదలుపెట్టే సరికి మహేశ్వర్ కారు తెచ్చి నిలిపాడు. ఆదోని రోడ్డులో టాక్సీ తిప్పుతాడు. అజ్మల్ తగ్గించే పెట్టాడు. లాభం లేదు. చిన్న దెబ్బయినా కాలికి దెబ్బే. నేను గోడ మీద తట్టాను. దెబ్బ ఆగింది.

మహేశ్వర్ గొంతు లేచింది. "ఏమన్నా, ఆపినావేం? రేపు పొద్దున పెండ్లోళ్లు ఎక్కుతారు. వూఫరు మోగకుంటే ఇంకో కారు పిలుస్తారు వాళ్లు."

"పక్కన మగ్గం నడుస్తాందన్నా. కొంచెం ఓర్చుకో."

"మగ్గం కోసం పాట ఆపుతావా?" మా తలుపు దగ్గరికి వచ్చి లోపలికి తొంగి చూశాడు. "ఏం తాతా, నీ మగ్గానికి చెవులుండాయా?"

"కాళ్లుండాయి," అన్నాను.

"కాళ్లుంటే యాడికన్నా పొమ్మను, కొంచేపు తిరిగొస్తుంది."

"నీ కారుకు చక్రాలుండాయి గదా," అంది ముత్తమ్మ. "నువ్వే పో."

"అవ్వా, నీతో నేను మాట్లాడలేను."

"మరి యాల మాట్లాడ్తాండావు?"

వాళ్లిద్దరూ అట్లా అనుకుంటూ ఉన్నారు. నేను వింటూ నేస్తున్నాను. అజ్మల్ మా గడప మీద తల పట్టుకుని కూర్చున్నాడు. వాడికి పని పోతే అంగడి పోతుంది. నాకు చీర పోతే మగ్గం పోతుంది. వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

కాసేపటికి వాడు తల ఎత్తాడు. నా పలక వైపు చూశాడు.

"తాతా, ఆపద్దు. నేస్తానే ఉండు."

ఫోను తీసి గుంట పక్కన పెట్టాడు. ముత్తమ్మనూ మహేశ్వర్‌నూ నోటి మీద వేలు పెట్టి బయటికి తోలాడు. వాళ్లు వీధిలో పోట్లాడుకున్నారు. నా చెవి వాళ్ల మీదే ఉంది. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ఒక కండె అయిపోయాక ఫోను తీసుకుని పోయాడు.

ఇంకొక కండె పెట్టుకుని నాడె విసిరాను. అప్పుడు గోడలో దెబ్బ మొదలైంది. దుబ్. ఆగి, దుబ్. పాట కాదు. నా పలక. వాడు ఫోనులో పట్టుకుపోయిన నా నడక. కాలు దాన్ని పట్టుకుంది, పట్టుకోనీలే అనుకున్నాను. అది నాదే.

మహేశ్వర్ అడగడం వినపడింది. "ఇదేం పాటన్నా? పల్లవి యాడుంది?"

"ఉండన్నా. ఈ దెబ్బ టక్కున పడి టక్కున ఆగుతాంది. నీ వూఫరు దాన్ని సాగదీస్తాంది చూడు, బొయ్‌య్ మని. ఆ సాగుడు పోయేదాకా మర తిప్పాల. పాటలో ఇంత బాగా తెలీదు."

చాలాసేపు తిప్పాడు. గోడలో మోత తగ్గుతూ తగ్గుతూ ఒట్టి దెబ్బ మిగిలింది. నేను నేస్తూనే ఉన్నాను.

తరువాత అజ్మల్ తల లోపల పెట్టాడు. "తాతా, అన్నం ఎప్పుడు తింటావు? ఒక్క పాట పెట్టి చూడాల."

ఆకలి లేదు. "ఇప్పుడే తింటా," అని గుంటలోంచి లేచాను.

నేను ముద్ద కలుపుతుంటే మహేశ్వర్ కారు దద్దరిల్లింది. పెండ్లివారికి చాలినంత ఉంది.

చీర అయ్యేదాకా అట్లాగే నడిచింది. ఏ కారు వచ్చినా ముందు నా మగ్గమే మోగింది. పాటలు నా అన్నం పొద్దుకు.

దేవేంద్రప్ప వచ్చాడు. చీరను వెలుతురుకు ఎత్తాడు. కొంగు నుంచి చివర దాకా అరచేత్తో తడిమాడు. తిప్పి మళ్లీ తడిమాడు. నేను అరుగు మీద కూర్చుని నా కాళ్లు చూసుకుంటున్నాను.

"ఎవరితో నేయించినావు?"

"నేనే."

"మందేమన్నా వాడినావా చేతికి?"

"మందు కాదు సావుకారీ," అంది ముత్తమ్మ. "పక్కింట్లో ఇంకొక మగ్గం పెట్టించినాం."

ఆయన చెవి ఒగ్గాడు. గోడవతల పలక దెబ్బ పడుతోంది. పోయి చూసి వచ్చాడు. అక్కడ ఒక కారుంది, డిక్కీలో తల పెట్టి అజ్మల్ ఉన్నాడు. దేవేంద్రప్ప సంచిలోంచి కొత్త పడుగు తీసి అరుగు మీద పెట్టి, చీర చంకన పెట్టుకుని పోయాడు.

కొత్త పడుగు పోగులను పాత పోగులకు ఒక్కొక్కటిగా అతకాలి. ఆ పని అయ్యేదాకా మగ్గం కదలదు. నేను గోడ మీద తట్టాను.

"ఏం తాతా, మళ్లా చారనా?"

"కాదురా. పోగులు అతుకుతాండాం. నీ పాటలు పెట్టుకో."