టీవీలో పడ్డాడు

మోటార్ల కార్ఖానాలో ఆయన్ని అందరూ డాక్టరు అనేవారు. పుట్టుకతోనే చూపు లేదు. తయారైన ప్రతి మోటారూ ఆఖరున ఆయన బల్ల మీదికి రావలసిందే. స్విచ్చి వేసి, స్క్రూడ్రైవరు మొన మోటారు ఒంటికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవాడు. “దీనికి దగ్గు. వెనక బేరింగు మార్చండి,” అనేవాడు. విప్పి చూస్తే అదే. పదిహేనేళ్ళలో ఆయన మాటకు ఎదురు చెప్పినవాడు లేడు.

టీవీ వాళ్ళు ఆయన మీద కార్యక్రమం తీస్తామంటే యజమాని సంబరపడ్డాడు, డాక్టరూ సంబరపడ్డాడు. బల్ల దగ్గర పది నిమిషాలు తీశాక డైరెక్టరమ్మ పెదవి విరిచింది.

“బాగుంది సార్, కానీ చూసేవాళ్ళ గుండె కరగాలి కదా. మీ ఇంటికి వెళ్దాం.”

ఇంటి దగ్గర మెట్లు దిగుతూ తడబడి పడమంది.

“ఈ మెట్లు నేను పరుగున దిగుతానమ్మా.”

“మాకు తెలుసు సార్. జనానికి మీ కష్టం కనబడాలిగా. ఒక్కసారి, అంతే.”

భార్యను అన్నం కలిపి తినిపించమంది. ఆవిడ నవ్వాపుకోలేక, “పెళ్ళైన కొత్తలో కూడా ఈ ముచ్చట లేదు,” అంది. నవ్వొద్దని మళ్ళీ తీశారు. డాక్టరు మొహమాటస్తుడు. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళను కాదనలేక మూడుసార్లు పడ్డాడు. మూడోసారి మోకాలు నిజంగానే చెక్కుకుపోయింది.

“అద్భుతం!” అంది డైరెక్టరమ్మ.

ఆదివారం ఇరుగుపొరుగంతా వాళ్ళింట్లోనే కూర్చుని చూశారు. బల్ల ఊసే లేదు. పడటం, తినిపించడం, వెనక ఏడుపు సంగీతం. పక్కింటి పిన్నిగారు ముక్కు చీదింది.

“ఇంత నరకం పడుతున్నావా నాయనా!”

“మొన్న మీ మిక్సీ బాగుచేసింది నేనే కదా పిన్నిగారూ.”

“అయ్యో, నీచేత పని చేయించుకున్నానా, పాపిష్టిదాన్ని!”

మర్నాడు యజమాని గదిలోకి పిలిచాడు. సరుకు కొనేవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారట, మెట్లు దిగలేనివాడా మా మోటార్లు చూసేదని.

“నా పని మీకు తెలుసు కదండీ,” అన్నాడు డాక్టరు.

“నాకు తెలుసు. వాళ్ళకు తెలిసింది టీవీయే.” యజమాని కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. “అవునూ, ఆ పడటం నిజం కాదా?”

“నటించానండీ. వాళ్ళు చెయ్యమన్నారు.”

“మరీ అంత బాగానా?”

ఆ వారంలోనే బల్ల ఇంకొకరికి ఇచ్చి, ఆయనకు ముందు గదిలో మెత్తని కుర్చీ వేశారు. వచ్చినవాళ్ళు చెయ్యి పట్టుకుని నిట్టూర్చేవారు, ఫొటోలు దిగేవారు. ఒకనాడు గోడ అవతల ఓ మోటారు చప్పుడు తేడాగా వినిపించి లేచి వెళ్ళాడు. “మీరు కూర్చోండి సార్, తగిలి పడతారు,” అంటూ కొత్త పనివాడు భుజాలు పట్టి తెచ్చి కూర్చోబెట్టాడు.

ఎనిమిదో తరగతి చదివే కూతురు ఒక సాయంత్రం గొంతు తగ్గించి అంది.

“రేపు బళ్ళో మీటింగుకి అమ్మ ఒక్కతే వస్తే చాలు నాన్నా.”

“ఏమ్మా? ప్రతిసారీ నేనేగా వచ్చేది?”

“అందరూ నిన్ను చూసి ‘పాపం, పాపం’ అంటారు. తర్వాత నన్ను చూసి అంటారు.”

“సరేలేమ్మా,” అన్నాడు.

పిల్ల నిద్రపోయే దాకా ఆగి టీవీ ఆఫీసుకు ఫోన్ చేశాడు. జరిగినదంతా చెప్పి, బల్ల దగ్గర తీసిన ముక్క ఒక్కసారి చూపించమని బతిమాలాడు.

“అది ఎప్పుడో చెరిపేశాం సార్,” అంది డైరెక్టరమ్మ. “ఉద్యోగం మార్చేశారా? ఎంత మంచి కథ! మళ్ళీ వస్తాం. ఈసారి పాప కూడా ఏడిస్తే బాగుంటుంది.”

“మా గడప తొక్కొద్దు,” అని ఫోన్ పెట్టేశాడు. ఆయన అలా కటువుగా మాట్లాడటం భార్య ఎన్నడూ వినలేదు.

తర్వాత మరో రెండు కార్ఖానాల్లో పని అడిగాడు. రెండుచోట్లా మర్యాద చేసి, కారులో ఇంటి దాకా దింపారు. పని మాత్రం ఇవ్వలేదు. వాళ్ళూ ఆ కార్యక్రమం చూశారు.